టౌనెండ్, లేక్ డిస్ట్రిక్ట్ రైతు కట్టుకున్న రాతి ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లాండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ చూసొచ్చిన మనవాళ్ళ ఫోటోల్లో సరస్సులూ కొండలూ నిండుగా ఉంటాయి. ఆ కొండల అడుగున, ఫోటోలో ఒక మూలకి, తెల్లటి గోడలూ పలకల కప్పూ ఉన్న పాత రైతు ఇల్లు ఒకటి దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. నాకు ఆ మూలంటేనే ఇష్టం. ఇంగ్లాండ్ ఉత్తరాన ఉంటున్న ఇన్నేళ్ళలో ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్ళని టౌనెండ్‌కి తీసుకెళ్తూ ఉంటాను. దారిలోనూ ఇంట్లోనూ వాళ్ళు నన్ను అడిగినవే ఈ ప్రశ్నలు.

టౌనెండ్ ఎక్కడుంది? ఎంత పాతది?

కుంబ్రియాలో విండర్‌మియర్ సరస్సుకి దగ్గర్లో ట్రౌట్‌బెక్ అనే ఊరుంది. కొండవాలు మీద, ఊటలు పుట్టే చోటల్లా నాలుగైదు ఇళ్ళ చొప్పున పొడుగ్గా సాగిన ఊరు. దాని దక్షిణపు చివర ఈ ఇల్లు ఉంటుంది కాబట్టే ఆ పేరు. 1626లో జార్జ్ బ్రౌన్ అనే రైతు కట్టించాడని చెబుతారు. అప్పటినుంచి 1943 దాకా, అంటే మూడు వందల ఏళ్ళకి పైగా, ఆ కుటుంబమే అందులో ఉంది. 1940ల చివర్లో, పాత కట్టడాల్నీ ప్రకృతినీ కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది.

కోట కాదు, జమీందారు మేడ కాదు. ఒక రైతు ఇంటికి ఇంత విలువ ఎందుకు?

సరిగ్గా అందుకే. ప్రభువుల భవనాలు ఇంగ్లాండ్ నిండా ఉన్నాయి. ఒక రైతు కుటుంబం తన పెట్టెలు, పుస్తకాలు, మంచాలు, లెక్కల కాగితాలతో సహా ఒకే కప్పు కింద మూడు శతాబ్దాలు నిలిచిన ఇళ్ళు చాలా అరుదు.

ఇక్కడ భూమి హక్కు కథ కొంచెం చెప్పాలి, అది లేకుండా ఈ గోడలు అర్థం కావు. స్కాట్లాండ్ సరిహద్దుకి దగ్గర కావడంతో, యుద్ధం వస్తే ఆయుధం పట్టి వస్తామన్న ఒప్పందం మీద ఇక్కడి రైతులు తరతరాలుగా భూమి అనుభవించేవారు. 1603లో రెండు రాజ్యాలకీ ఒకే రాజు అయ్యాడు. ఇక సరిహద్దు యుద్ధాలు లేవు కాబట్టి మీ హక్కూ లేదని భూస్వాములు అడ్డం తిరిగారు. 1620లో జేమ్స్ రాజు ఆ హక్కు చెల్లదని ప్రకటన కూడా చేశాడు. కెండల్ పట్టణం చుట్టుపక్కల రైతులు ఏకమై కోర్టుకెక్కారు. 1625లో స్టార్ చాంబర్ అనే రాజుగారి కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది: ఆ భూములు తండ్రి నుంచి కొడుక్కి దక్కే ఆస్తులే.

ఆ మరుసటి ఏడే టౌనెండ్ కట్టిన ఏడు. ఈ ఒక్క ఇల్లు ఆ తీర్పు వల్లే లేచిందని నేను అనను. కానీ రేపు ఈ నేల మనదో కాదో తెలియనప్పుడు ఎవరైనా మట్టి, కర్ర, గడ్డితో సరిపెట్టుకుంటారు. మనవడు కూడా ఇక్కడే ఉంటాడన్న ధైర్యం ఉంటేనే రెండడుగుల మందం రాతిగోడ లేపుతారు. ఈ ప్రాంతంలో పాత కర్ర ఇళ్ళు పోయి రాతి ఇళ్ళు రావడం ఎక్కువగా 1650 నుంచి 1750 మధ్య జరిగింది. ఇలాంటి సొంత భూమి రైతులని ఇక్కడ 'స్టేట్స్‌మెన్' అనేవారు.

దీనికి ఆర్కిటెక్ట్ ఎవరు?

ఎవరూ లేరు. ఊళ్ళో మేస్త్రికి ఇల్లంటే ఎలా ఉండాలో తెలుసు, ఇంటాయనకీ తెలుసు. పొయ్యి ఎటు, పశువులు ఎటు, గాలి ఎటునుంచి వస్తుంది అన్నది మాట్లాడుకుంటే చాలు, కాగితం అక్కర్లేదు. చేతికి అందే రాయి, దగ్గర్లోని ఓక్ చెట్టు, ఆ ఊరి వాన. ఈ మూడూ కలిసి ఇంటి ఆకారాన్ని తేల్చేశాయి.

ఇది ఏ రాయి?

పలకలుగా చీలే రాయి, అంటే స్లేట్. లేక్ డిస్ట్రిక్ట్ మధ్యలో కొండలు సుమారు 45 కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతాలవి. ఆ బూడిద గట్టిపడి, నలిగి, ఆకుపచ్చ ఛాయ ఉన్న స్లేట్ అయింది. దక్షిణం వైపు సముద్రపు అడుగు బురద గట్టిపడ్డ నీలిబూడిద రంగు స్లేట్ దొరుకుతుంది. ట్రౌట్‌బెక్ ఈ రెండింటి సరిహద్దు మీద ఉంది. మధ్యలో సన్నటి సున్నపురాయి పట్టీ కూడా పోతుంది.

ఈ రాయి గుణం ఒకటి గుర్తుపెట్టుకోండి, మిగతా జవాబులకి అదే ఆధారం. పొరలుగా ఇట్టే చీలుతుంది, చదరంగా చెక్కాలంటే మాత్రం చుక్కలు చూపిస్తుంది. పైగా నీళ్ళు పీల్చదు.

గోడ లోపల ఏముంటుంది? మొత్తం రాయేనా?

ఒక్క గోడగా కనిపించేది నిజానికి రెండు గోడలు. బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి. మధ్య సందులో చిన్న రాళ్ళు, ముక్కలు, మట్టి కూరతారు. అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా వేసి రెండు వరసలనీ కలిపి కడతారు. ఇలాంటి ఇళ్ళలో గోడ మందం సాధారణంగా రెండడుగులు, చాలాచోట్ల ఇంకా ఎక్కువ. పాత గోడల్లో రాళ్ళ మధ్య సున్నం కన్నా మట్టే ఎక్కువ. సున్నం ఖరీదు కాబట్టి బయటికి కనిపించే అంచుల దగ్గర మాత్రం వాడేవారు.

తర్వాతి కాలపు గోడల్లో ఒక తెలివైన పని కనిపిస్తుంది. రాళ్ళని బల్లపరుపుగా పరచకుండా, ప్రతి రాయినీ బయటివైపుకి కాస్త వాల్చి పేరుస్తారు. సందులోకి వాన నీళ్ళు దూరినా లోపలికి రాకుండా ఆ వాలు మీదుగా బయటికే జారిపోతాయి. ఇక్కడివాళ్ళు దాన్ని 'వాటర్‌షాట్' అంటారు. ప్లాస్టరింగ్ లేని పాత కొట్టం ఏదైనా కనిపిస్తే దాని గోడ పక్కన నిలబడి, చెంప గోడకి ఆనించి పైకి చూడండి. చేప పొలుసుల్లా ప్రతి రాయి అంచూ కొద్దిగా బయటికి వంగి ఉంటుంది. నేను మొదటిసారి అలా చూసినప్పుడు చినుకులు పడుతున్నాయి. నీటి బొట్టు ఒక రాయి అంచున వేలాడి, కింది రాయిని తాకకుండా నేల మీద పడింది. మేస్త్రి ఏం ఆలోచించాడో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఇంత శ్రమ ఎందుకంటే వాన అలాంటిది. ఇదే ప్రాంతంలోని సీత్‌వెయిట్ ఇంగ్లాండ్‌లో మనుషులుండే చోట్లలోకెల్లా ఎక్కువ వానపడే ఊరు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది. హైదరాబాద్‌లో సుమారు 800 పడుతుంది. ఇక్కడి వాన నిటారుగా పడదు కూడా, గాలితో కలిసి గోడని కొడుతుంది.

రాతి ఇల్లంటున్నారు, మరి బయట తెల్లగా ఉందేంటి?

టౌనెండ్ గోడలకి సున్నం, ఇసుక, సన్న గులకరాళ్ళు కలిపిన గరుకు పూత ఉంటుంది. దానిమీద వెల్ల. ఆ గరుకుతనం అందానికి కాదు. నున్నటి గోడ మీద నీళ్ళు ధారగా కారి ఎక్కడో ఒక పగుల్లో దూరతాయి. గరుకు గోడ మీద చెదిరిపోతాయి, తేమ ఆరడానికి కూడా ఎక్కువ చోటు దొరుకుతుంది.

ఈ ప్రాంతపు కవి వర్డ్స్‌వర్త్‌కి తెల్లటి ఇళ్ళు నచ్చేవి కావు. కొండల మధ్య అవి కంటికి గుచ్చుకుంటాయని ఆయన బాధ. నాకు మాత్రం మబ్బు పట్టిన నవంబరు మధ్యాహ్నం దూరాన ఒక తెల్ల గోడ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది.

పైకప్పు ఎలా వేశారు?

అదే పలకరాయి, సన్నగా చీల్చింది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, నడికొప్పు దగ్గర అరచేయి కన్నా కొంచెం పెద్దవి. రకరకాల సైజుల్లో వచ్చే పలకల్ని పారేయకుండా వాడుకునే పద్ధతి ఇది. బరువైనవి కింద గోడ మీదికి రావడంతో భారమూ సర్దుకుంటుంది. ఈ పలకల్ని లెక్కన కాకుండా టన్నుల్లో తూచి అమ్మేవారు. ఒక్కో పలకకీ పైన చిల్లు పెట్టి, ఓక్ చెక్క మేకుతో పట్టెకి తగిలించేవారు. గాలి దూరకుండా సందుల్లో నాచు కుక్కేవారు.

కొన్ని పాత ఇళ్ళలో నడికొప్పు మీద మరో చిత్రం ఉంటుంది. రెండు వైపుల నుంచి వచ్చే పలకలకి గంట్లు కొట్టి ఒకదాన్లో ఒకటి ఇరికిస్తారు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి వాటి పేరు 'రెజ్లర్స్', అంటే కుస్తీపట్టు పలకలు.

ఆ గుండ్రటి పొగగొట్టాలు అలంకారం కోసమేనా?

ఫోటోల్లో అందరూ గుర్తుపట్టేది వీటినే. కింద చదరపు దిమ్మె, దాని మీద లావుపాటి గుండ్రటి గొట్టం. అందంగా ఉంటాయి, వర్డ్స్‌వర్త్ కూడా మెచ్చుకున్నాడు. కానీ పుట్టింది రాయి గుణం నుంచే. చదరపు గొట్టానికి నాలుగు మూలలు కావాలి, మూలలకి చక్కగా చెక్కిన రాళ్ళు కావాలి. ఈ స్లేట్‌ని అలా చెక్కడం కష్టమని చెప్పాను కదా. పలచటి ముక్కల్ని వలయంగా పేర్చుకుంటూ పోతే మూలల బాధే ఉండదు. చాలా గొట్టాల పైన పొట్టి రాళ్ళ మీద ఒక పలక మూతలా పెట్టి ఉంటుంది. పొగ పక్కలనుంచి పోతుంది, గాలివాన నేరుగా లోపలికి దిగదు.

లోపల గదులు ఎలా ఉంటాయి?

ఇక్కడి రైతు ఇంటికి ఒక అలవాటైన నమూనా ఉంది. ఇల్లు వాలుకి అనుగుణంగా పొడుగ్గా ఉంటుంది. మధ్యలో 'ఫైర్‌హౌస్', అంటే పొయ్యి ఉన్న పెద్ద గది. వంట, భోజనం, కూర్చోవడం, ఉన్ని వడకడం, పిల్లల పాఠాలు అన్నీ అక్కడే. దానికి ఒక పక్క 'డౌన్‌హౌస్'. బట్టలుతకడం, బీరు కాచడం, మాంసానికి ఉప్పు పట్టించడం లాంటి తడి పనులూ మోటు పనులూ అందులో. రెంటి మధ్యా ఇంటికి అడ్డంగా ఒక నడవ, దాన్ని 'హాలన్' అంటారు. బయటి గుమ్మం ఆ నడవలోకే తెరుచుకుంటుంది. తలుపు తీసినా చలిగాలి నేరుగా పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళ మీదికి రాదు.

ఫైర్‌హౌస్‌కి రెండో పక్క ఇంటి యజమాని దంపతుల పడకగది, దాని పక్కనే పాలూ వెన్నా పెట్టుకునే చల్లటి గది. ఆ చల్లగది వీలైనంతవరకు ఉత్తరం వైపు పెడతారు. పిల్లలూ పాలేర్లూ పైన అటకమీద పడుకునేవారు.

టౌనెండ్‌లో ఫైర్‌హౌస్, డౌన్‌హౌస్ రెండూ ఇప్పటికీ చూడొచ్చు. కుటుంబం బాగుపడేకొద్దీ గదులు కలిశాయి, మెట్లు మారాయి, ఒక గది గ్రంథాలయం అయింది. అందులో సుమారు 1,500 పుస్తకాలున్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా రెండో ప్రతి లేనివి వాటిలో 45. రైతు ఇంట్లో! ఈ మాట చెప్పినప్పుడల్లా మా నాన్న మొహంలో కనిపించిన ఆశ్చర్యం గుర్తొస్తుంది. ఆయన పొలం పనులు చేసుకుంటూ పెట్టె నిండా పుస్తకాలు దాచుకున్న మనిషి. ఆ గది గుమ్మం దగ్గర్నుంచి చాలాసేపు కదల్లేదు.

పొయ్యి అంటే గోడలో ఉండే ఫైర్‌ప్లేసేనా?

మొదట్లో అలా ఉండేది కాదు. నేలమీదే రాతి దిమ్మె, దానిమీద మంట. పైన కర్రా మట్టీ పూతా కలిపి చేసిన పెద్ద గరాటు లాంటి పొగగూడు. అది చిన్న గది అంత వెడల్పు. ఆ గూడు కిందే కుటుంబమంతా చలికాలం గడిపేది. లోపల అడ్డంగా ఒక దూలం, దాన్నుంచి గొలుసూ కొక్కెం, కొక్కానికి కుండ. పొగలో గొర్రెమాంసం తొడలు వేలాడేవి, నెలల తరబడి ఎండేవి.

వానరోజుల్లో పైనుంచి దిగే నీళ్ళు మసితో కలిసి నల్లటి చుక్కలుగా కింద కూర్చున్నవాళ్ళ మీద పడేవి. వాటికి 'హాలన్ డ్రాప్' అని పేరే ఉంది. అందుకని ఇంట్లోనే టోపీ పెట్టుకుని కూర్చునేవారట. పొగగూడు పక్క గోడలో చిన్న కిటికీ ఉంటుంది, పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళకి వెలుతురు కోసం. పాత ఇంట్లో బయటినుంచి ఆ బుల్లి కిటికీని పట్టుకుంటే పొయ్యి ఎక్కడుండేదో చెప్పేయొచ్చు.

మంట పక్కనే, గోడలో, చేతి వెడల్పు చిన్న అల్మరా ఒకటి. ఉప్పు, మిరియాలు, జాజికాయ చెమ్మ పట్టకుండా దాచే చోటు. సముద్రాలు దాటొచ్చిన ఖరీదైన సరుకు కాబట్టి ఇంట్లోకెల్లా పొడిగా ఉండే జాగా దానికిచ్చారు.

గోడలోనే కట్టేసిన చెక్కిన బీరువా ఏంటి?

రొట్టెల బీరువా. ఈ చలిలో గోధుమ సరిగ్గా పండదు, ఓట్స్ పండుతాయి. ఓట్ పిండిని పలచగా తట్టి కాల్చి, ఎండబెట్టిన రొట్టెలు వారాల తరబడి నిలవుంటాయి. వాటిని ఒకేసారి కొండంత చేసి ఈ బీరువాలో పెట్టేవారు. పొయ్యి గదికీ పడకగదికీ మధ్య చెక్క గోడలోనే దాన్ని అమర్చేవారు కాబట్టి పొయ్యి వేడికి రొట్టె మెత్తబడదు. ఓక్ చెక్క, ముందు తలుపుల మీద తీగలు, ముడులు, పైన అక్షరాలు, సంవత్సరం. ఇంటికి అది గర్వకారణం. ఇల్లు అమ్మినా బీరువా గోడతో పాటు అక్కడే ఉండిపోతుంది.

ఆ అక్షరాలూ సంవత్సరమూ చూసి ఇంటి వయసు చెప్పొచ్చా?

తొందరపడకండి. మూడు అక్షరాలుంటే పైనది ఇంటిపేరు, కింద ఎడమవైపుది భర్త పేరు, కుడివైపుది భార్య పేరు అన్నది మామూలు పద్ధతి. సంవత్సరం పెళ్ళిది కావచ్చు, బీరువా చేయించినది కావచ్చు, గది మార్చినది కావచ్చు. గుమ్మం మీది తేదీరాయి పాత ఇంటి నుంచి తెచ్చి పెట్టింది కూడా అయ్యుండొచ్చు.

టౌనెండ్‌లో ఇంకో చిక్కుంది. ఆఖరి జార్జ్ బ్రౌన్ (1834–1914) చేయి తిరిగిన చెక్కపనివాడు. ఇంట్లోని కుర్చీలు, మంచాలు, అల్మరాల మీద ఆయన చేతిపని చాలా ఉంది. పూర్వీకుల పనిని చూసి, ఆ పద్ధతిలోనే చెక్కాడు. ఏది పదిహేడో శతాబ్దానిది, ఏది ఆయనది అని విడదీయడం నిపుణులకే కష్టం. నాకు అది మోసంగా అనిపించదు. తాతల ఇంట్లో కూర్చుని తాతల దస్తూరీలో రాసుకున్నట్టుంటుంది.

కిటికీలు అంత చిన్నవి ఎందుకు? కిటికీ పన్ను వల్లనా?

ఈ మాట గైడ్లు కూడా చెబుతుంటారు, కానీ తేదీలు కుదరవు. కిటికీ పన్ను 1696లో మొదలై 1851 దాకా ఉంది. టౌనెండ్ దానికి 70 ఏళ్ళు పెద్ద. అసలు కారణాలు చలి, గాజు ఖరీదు, రాతిగోడలో వెడల్పు ఖాళీ వదిలితే పైబరువు మోయడానికి పెద్ద దూలం దొరకాల్సి రావడం. అందుకే సన్నటి నిలువు కమ్మీలతో విడగొట్టిన వెడల్పు తక్కువ కిటికీలు. పైన ఒక పలక ముందుకు పొడుచుకొచ్చి చిన్న చూరులా నీళ్ళని పక్కకి తోస్తుంది.

పొయ్యిల మీద పన్ను మాత్రం నిజంగానే ముందొచ్చింది. 1662 నుంచి 1689 దాకా పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. ఆ పన్ను జాబితాలు చూసే ఏ ఊళ్ళో ఎవరింట్లో ఎన్ని పొయ్యిలుండేవో చరిత్రకారులు లెక్కగడుతున్నారు.

లోపల బాగా చీకటిగా ఉంటుందా?

ఉంటుంది. టౌనెండ్ గదుల్లో కరెంటు దీపాలు లేవు. ఒక నిమిషం ఆగితే కళ్ళు అలవాటు పడతాయి, ఓక్ చెక్క నల్లగా మెరవడం మొదలవుతుంది. పాతరోజుల్లో రెల్లు లాంటి గడ్డి కాడ తొక్క తీసి, గొర్రె కొవ్వులో ముంచి వెలిగించేవారు.

ఎదురుగా ఉన్న పెద్ద కొట్టం సంగతేంటి?

చాలామంది ఇల్లు చూసి వెళ్ళిపోతారు, కొట్టాన్ని పట్టించుకోరు. దయచేసి అలా చేయకండి. 1666 నాటిదని చెప్పే ఆ కొట్టం ఇంటికేమీ తీసిపోదు.

వాలు నేలని వాడుకున్న తీరు చూడండి. కింది అంతస్తులోకి పల్లం వైపు నుంచి ప్రవేశం, అక్కడ పశువులు. పై అంతస్తులోకి మెరక వైపు నుంచి నేరుగా బండి తోలుకు రావచ్చు, అక్కడ గడ్డీ ధాన్యమూ, నూర్చే కళ్ళమూ. గడ్డి పైకి మోయక్కర్లేదు, కింద పశువుల ముందుకి తోసేయడమే. రెండు తలుపుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి తూర్పారబట్టడమూ అక్కడే. ఒక్క మెట్టు కట్టకుండా రెండంతస్తులకీ నేలమీది నుంచే దారి దొరికింది.

గోడ బయట చెక్క వసారా లాంటిది ఒకటి మేడ ఎత్తున ఉంటుంది. వీటికి 'స్పిన్నింగ్ గ్యాలరీ' అని పేరు. వెలుతురులో కూర్చుని ఉన్ని వడికేవారని అంటారు. ఉన్ని ఆరబెట్టడానికీ, సామాను పెట్టుకోవడానికీ కూడా పనికొచ్చేవి. కోనిస్టన్ దగ్గర యూ ట్రీ ఫామ్‌లో ఇలాంటిదే ఇంకొకటి చూడొచ్చు.

ఇంగ్లాండ్ అంతా రాతి ఇళ్ళు ఇలాగే ఉంటాయా?

లేదు. కింద రాయి మారితే పైన ఇల్లు మారుతుంది. దక్షిణాన కాట్స్‌వోల్డ్స్ కొండల్లో తేనెరంగు సున్నపురాయి. అది తవ్వినప్పుడు మెత్తగా ఉంటుంది, కత్తితో కోసినట్టు చెక్కొచ్చు. అందుకే అక్కడి రైతు ఇళ్ళకి కూడా పదునైన మూలలు, చెక్కిన కిటికీ కమ్మీలు. యార్క్‌షైర్ వైపు పోతే మోటు ఇసుకరాయి, మసి పట్టి నల్లబడ్డ గోడలు.

మనవాళ్ళందరికీ తెలిసిన మనిషి పుట్టిన రైతు ఇల్లు కూడా ఒకటుంది. లింకన్‌షైర్‌లోని వూల్స్‌థార్ప్ మేనర్. 1642 క్రిస్మస్ నాడు, అప్పటి క్యాలెండర్ ప్రకారం, న్యూటన్ పుట్టింది అందులోనే. పేరులో 'మేనర్' ఉన్నా గొర్రెలు కాసే రైతు కుటుంబపు సున్నపురాతి ఇల్లే అది. చిన్నప్పుడు ఆయన గోడల మీద గీతలు గీసేవాడు. 2017లో ప్రత్యేకమైన లైటింగ్ పద్ధతితో వెతికితే ఒక గాలిమర బొమ్మ బయటపడింది, ఆయన గీసిందే కావచ్చని భావిస్తున్నారు. పాత సున్నపు పూతని గీకి పారేయకుండా ఉంచితే అందులో ఏమేం దాగి ఉంటాయో చూడండి.

హిల్ టాప్ కూడా ఇలాంటిదేనా?

అవును, అది పదిహేడో శతాబ్దపు రైతు ఇల్లు. నియర్ సారీ ఊళ్ళో ఉంది. పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1905లో కొన్నది. రైతు కుటుంబం ఉండటానికి పక్కన కొత్త భాగం కట్టించి, పాత ఇంటిని పెద్దగా మార్చకుండా ఉంచింది. 1943లో చనిపోయేటప్పుడు 4,000 ఎకరాలకి పైగా భూమినీ, పదికి పైగా పొలాలనీ, వాటి ఇళ్ళనీ నేషనల్ ట్రస్ట్‌కి రాసిచ్చింది. హిల్ టాప్‌లో జనం ఎక్కువ. ఒక్కటే చూసే టైముంటే నేను టౌనెండ్ చూడమంటాను.

ఇలాంటి ఇళ్ళలో చెమ్మ ఎక్కువంటారు. నిజమేనా?

సరిగ్గా చూసుకుంటే అంత ఉండదు. చెమ్మతో ఏడ్చే ఇళ్ళలో చాలావాటికి జబ్బు పెట్టింది సిమెంట్.

పాత గోడకి అడుగున నీళ్ళని ఆపే పొర ఏదీ ఉండదు. నేలనుంచీ వాననుంచీ కొంత తేమ గోడలోకి వస్తూనే ఉంటుంది. సున్నం ఆ తేమని పీల్చుకుని, ఎండా గాలీ తగిలినప్పుడు వదిలేస్తుంది. లోపల రోజంతా వెలిగే మంట కూడా గోడని ఆరబెడుతుంది. స్లేట్ రాయి నీళ్ళు పీల్చదు కాబట్టి తేమ బయటికి పోవడానికి రాళ్ళ మధ్య సందులే దారి. ఆ సందుల్ని సిమెంట్‌తో మూసేస్తే ముక్కు నోరు మూసినట్టే. సిమెంట్ బిరుసు, గోడ కొంచెం కదిలినా పగులుతుంది. ఆ సన్నటి పగుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి, తిరిగి రావడానికి దారుండదు.

దీన్ని నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక చలికాలం కొండల్లో పాత ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పడకగది కిటికీ కింద పళ్ళెమంత మరక. వారానికో వేలెడు పెరిగేది. రంగు వేస్తే పదిరోజుల్లో పొక్కి ఊడిపోయేది. చంటిపాపతో అదో పెద్ద టెన్షన్. చివరికి ఓనరు ఒక ముసలి మేస్త్రిని పంపించాడు. ఆయన వేలి కణుపుతో గోడ అంతా తట్టుకుంటూ పోయాడు. మరక దగ్గర డొల్లగా మోగింది. ఉలితో సిమెంట్ పెచ్చు ఒకటి లేపి, లోపల చేయి పెట్టి పిడికెడు మట్టి తీసి నా అరచేతిలో పెట్టాడు. పిండితే నీళ్ళు కారాయి. "ఇది ఎన్నేళ్ళుగా బయటికి రావాలని చూస్తోందో" అన్నాడు. సిమెంట్ కొట్టేసి, వేసవి దాకా గోడని ఆరనిచ్చి, సున్నం పూశాక మరక మళ్ళీ రాలేదు.

పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి పేటెంట్ వచ్చింది 1824లో, అదీ ఉత్తర ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లోనే. కొత్త కట్టడాలకి అది గొప్ప వస్తువు. 1626 నాటి గోడకి మాత్రం పనికిరాదు.

మన గానుగ సున్నం లాంటిదేనా వీళ్ళ సున్నం?

మూలం ఒకటే. సున్నపురాయి బట్టీలో కాల్చడం, నీళ్ళుపోసి చల్లార్చడం, ఇసుకతో కలపడం. మన దగ్గర గానుగలో తిప్పి కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారు. ఇక్కడ పగుళ్ళు రాకుండా పశువుల వెంట్రుకలు, బయటి వెల్లలో నీళ్ళు జారడానికి కొవ్వు కలిపేవారు. పెద్ద తేడా వాతావరణంలో ఉంది. మనకి సున్నం ఎండకి త్వరగా ఎండి పగలకుండా తడుపుతూ ఉండాలి. ఇక్కడ గడ్డకట్టే చలి తగలకుండా కాపాడాలి. అందుకే మేస్త్రులు చలికాలంలో సున్నం పని ఒప్పుకోరు.

ఇలాంటి ఇల్లు కొంటే మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చా?

లిస్టెడ్ బిల్డింగ్ అయితే కుదరదు. ఇంగ్లాండ్‌లో రక్షిత కట్టడాల జాబితాలో సుమారు 4 లక్షల నమోదులున్నాయి. వాటికి మూడు స్థాయిలు. అన్నిటికన్నా పైదైన గ్రేడ్ వన్‌లో ఉండేవి నూటికి రెండు మూడే, టౌనెండ్ వాటిలో ఒకటి. మామూలు పాత రైతు ఇళ్ళు ఎక్కువగా గ్రేడ్ టూలో ఉంటాయి. ఏ గ్రేడైనా కిటికీలు మార్చాలన్నా, లోపలి గోడ తీయాలన్నా, రొట్టెల బీరువా ఊడదీయాలన్నా ముందు అనుమతి కావాలి. లేకుండా చేస్తే క్రిమినల్ కేసే. లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆ అనుమతులు ఇచ్చేది నేషనల్ పార్క్ అథారిటీ. 2017 నుంచి ఈ ప్రాంతమంతా యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం కూడా.

కొనేముందు మామూలు సర్వేయర్‌తో సరిపెట్టకుండా, పాత రాతి కట్టడాలు తెలిసినవాళ్ళకి చూపించండి. చెమ్మ కొలిచే మీటర్ పెట్టి, గోడకి మందులు ఎక్కించాలని చెప్పేవాళ్ళ మాట విని డబ్బులు పోసేముందు బయట కాలువలు, వాననీటి గొట్టాలు, గోడకి ఆనుకుని పెరిగిన మట్టి చూసుకోండి. సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. పాత కట్టడాల మరమ్మతు గురించి తెలుసుకోవాలంటే విలియం మోరిస్ 1877లో స్థాపించిన పాత కట్టడాల రక్షణ సంస్థ స్పాబ్ (SPAB) ఇప్పటికీ పనిచేస్తోంది, సలహాలిస్తుంది.

టౌనెండ్ చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి? పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

ఏడాదంతా తెరిచి ఉండదు, చలికాలంలో మూసేస్తారు. వెళ్ళేముందు నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో రోజులూ టైమింగ్సూ చూసుకోండి. పిల్లల్ని నిక్షేపంగా తీసుకెళ్ళండి. గుమ్మాలు తక్కువ ఎత్తు, పెద్దవాళ్ళే తల చూసుకోవాలి. వానపడుతున్న రోజైతే ఇంకా మంచిది. లోపలికి వెళ్ళేముందు కొట్టం గోడ దగ్గర రెండు నిమిషాలు నిలబడి, నీళ్ళు ఎటు పోతున్నాయో పిల్లల్ని చూడమనండి.